చల్లబడినా కుదురుకోని అయస్కాంతాలు

పీలమేడుకు అయస్కాంతం కొత్త వస్తువు కాదు. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి స్వదేశీ విద్యుత్ మోటారును తయారుచేశారు. అప్పటి నుంచీ కోయంబత్తూరు పక్కనున్న ఈ పాత తెలుగు ఊరికి మోటార్లూ పంపులే బతుకుతెరువు. ఇప్పటి మేలురకం మోటార్లలో నియోడిమియం అయస్కాంతాలు వాడతారు. వేడెక్కినప్పుడు వాటి బలం సడలకుండా కాస్త డిస్ప్రోసియం కలుపుతారు. మోటారు సెగలో సైతం అయస్కాంతాన్ని చెదరకుండా నిలబెట్టే మూలకం అది. అదే డిస్ప్రోసియాన్ని టైటానియం, ఆక్సిజన్‌లతో చేర్చి స్ఫటికంగా పెంచి, పరమశూన్యానికి పైన అర కెల్విన్ దాకా చల్లార్చితే కథ తలకిందులవుతుంది. వేడి తగ్గేకొద్దీ అయస్కాంతం క్రమంలో పడాలి, పాఠ్యపుస్తకాలు చెప్పేది అదే. ఈ స్ఫటికంలోని అణు అయస్కాంతాలు మాత్రం ఎంత చల్లబరిచినా ఒక క్రమానికి రావు. ఎందుకు రావు, చివరికి ఏమవుతాయి అన్న ప్రశ్న చుట్టూ ముప్పై ఏళ్లుగా ఒక పెద్ద శాస్త్రం పెరిగింది. ఈ కుదురుకోలేని స్థితిని భౌతిక శాస్త్రజ్ఞులు ఫ్రస్ట్రేషన్ అంటారు. ఇక్కడ జ్యామితీయ ప్రతిష్టంభన అందాం.

మూలం చాలా చిన్నది. ఒక త్రిభుజం మూడు మూలల్లో మూడు స్పిన్‌లు, అంటే మూడు అణు అయస్కాంతాలు ఉన్నాయి. ప్రతి ఒక్కటీ పైకో కిందికో మాత్రమే చూడగలదు, పక్కవాటికి ఎదురుగా ఉండాలనేది నియమం. మొదటిది పైకి, రెండోది కిందికి చూస్తే మూడోది ఎటు తిరిగినా ఒకరితో నియమం తప్పుతుంది. ఎనిమిది అమరికల్లో ఆరు సమాన శక్తితో నిలుస్తాయి. ఇలాంటి త్రిభుజాలను తలమంతా పరిచినా ఈ సందిగ్ధం తీరదనీ, పరమశూన్యం దగ్గర కూడా ఎంట్రోపీ మిగులుతుందనీ గ్రెగరీ వానియర్ 1950లో లెక్క కట్టి చూపాడు. 1956లో ఫిలిప్ ఆండర్సన్ అదే ఆలోచనను త్రిభుజాల నుంచి చతుర్ముఖులకు తీసుకెళ్లాడు. మూలలు మాత్రమే కలుపుకుంటూ అల్లుకున్న చతుర్ముఖుల జాలకం అది. పైరోక్లోర్ అనే ఖనిజాల కుటుంబంలో లోహ అయాన్లు సరిగ్గా ఈ అల్లికలోనే కూర్చుంటాయి.

ఈ ఆటకు డిస్ప్రోసియం వంటి విరళ మృత్తికలే ఎందుకు తగినవి? వాటి అయస్కాంతత్వం 4ఎఫ్ ఎలక్ట్రాన్లది. అవి పరమాణువు లోతట్టున, 5ఎస్, 5పి ఎలక్ట్రాన్ల మాటున ఉంటాయి. అందువల్ల పొరుగు అయాన్‌తో వాటి సంపర్కం బలహీనం, సాధారణంగా ఒకటి రెండు కెల్విన్‌ల స్థాయి. రాగి ఆక్సైడ్లలో ఇదే సంపర్కం వెయ్యి కెల్విన్‌లు దాటవచ్చు. బలహీనతే ఇక్కడ వరం. కొద్ది టెస్లాల క్షేత్రం చాలు, స్పిన్‌లన్నిటినీ ఒకవైపు తిప్పేయవచ్చు. అలా తిప్పి ఉంచి, న్యూట్రాన్లతో వాటి తరంగాలను కొలిస్తే ఒక స్పిన్ మరోదానితో ఎంత బలంగా, ఏ దిశలో మాట్లాడుతోందో నేరుగా చదవవచ్చు. 2011లో కేట్ రాస్ బృందం ఇటెర్బియం టైటనేట్ మీద ఈ పనే చేసింది. దీనికి చెల్లించాల్సిన మూల్యం శీతలం. అసలు విషయం చాలావరకు ఒక కెల్విన్‌కు దిగువనే జరుగుతుంది.

రెండో సంగతి స్ఫటిక క్షేత్రం. చుట్టూ ఉన్న ఆక్సిజన్లు ఏ సౌష్ఠవంతో నిలబడ్డాయో దాన్నిబట్టి విరళ మృత్తిక అయాన్ ఏ దిశలో చూడాలో తేలుతుంది. డిస్ప్రోసియం, హోల్మియం అయాన్లు చతుర్ముఖి కేంద్రంవైపో, దానికి దూరంగానో తప్ప మరో దిక్కు చూడలేవు. అక్కడి నుంచి తప్పించాలంటే వందల కెల్విన్‌ల శక్తి కావాలి. ఎర్బియం మాత్రం ఆ అక్షానికి అడ్డంగా ఉన్న తలాన్ని ఇష్టపడుతుంది. గాడోలినియానికి నికర కక్ష్యా చలనమే లేదు గనుక అన్ని దిక్కులూ ఒకటే. ఒకే జాలకం, పక్కపక్క మూలకాలు, అయినా ఒకదానికొకటి పోలికలేని ప్రవర్తన. ఈ తేడాలను పట్టే గణితం సమూహ సిద్ధాంతం. వాల్తేరులో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి 1948లో దాని మీద రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం వెలువరించింది. 1966లో భగవంతం స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాల మీద రాసిన పుస్తకం అయస్కాంత సౌష్ఠవాన్ని కూడా పరిశీలించింది. పైరోక్లోర్ పరిశోధన ఇంకా మొదలు కాని రోజుల్లోనే దానికి కావలసిన వ్యాకరణం తెలుగు నేల మీద బోధనలో ఉందన్న సంగతిని మన విద్యార్థులకు గట్టిగా చెప్పాలి.

ఈ కథలో మంచుగడ్డకు పెద్ద పాత్ర ఉంది. 1933లో బెర్నాల్, ఫౌలర్ నీటి మంచు నిర్మాణ నియమాన్ని ప్రతిపాదించారు: ప్రతి ఆక్సిజన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు, వాటిలో రెండు దగ్గర, రెండు దూరం. ఏ రెండు అన్నది నియమం చెప్పదు. ఆ స్వేచ్ఛ కారణంగా మంచులో పరమశూన్యం దగ్గర కూడా మోల్‌కు, కెల్విన్‌కు 3.37 జౌల్‌ల ఎంట్రోపీ మిగలాలని 1935లో లైనస్ పాలింగ్ కొన్ని పంక్తుల లెక్కతో తేల్చాడు. మరుసటి ఏడు విలియం జియోక్, స్టౌట్ కలిసి కొలిచారు. వచ్చిన విలువ దాదాపు అంతే. అదే జియోక్ 1933లో గాడోలినియం సల్ఫేట్‌ను అయస్కాంత క్షేత్రంలో ఉంచి, ఆ క్షేత్రాన్ని తీసేసి, కెల్విన్‌లో నాలుగో వంతుకు చేరుకున్నాడు. విరళ మృత్తికతో అతిశీతలానికి దారి తీసిందీ, మిగులు ఎంట్రోపీని కొలిచి చూపిందీ ఒకే మనిషి. ఆ రెండు దారులూ కలుసుకోవడానికి అరవై ఏళ్లు పైగా పట్టింది.

1997లో మార్క్ హారిస్, స్టీవెన్ బ్రామ్‌వెల్, సహచరులు హోల్మియం టైటనేట్‌ను పరీక్షిస్తే ఒక విచిత్రం బయటపడింది. అందులో స్పిన్‌ల మధ్య మొత్తం మీద కలిసి నడిచే మొగ్గే ఉంది, అంటే మామూలుగా ఫెర్రో అయస్కాంతం కావాలి. అయినా క్రమం ఏర్పడలేదు. ప్రతి చతుర్ముఖిలో రెండు స్పిన్‌లు లోపలికి, రెండు బయటికి చూడటమే వాటికి చవకైన అమరిక. నాలుగు స్పిన్‌ల పదహారు అమరికల్లో ఆరింటికి ఆ అర్హత ఉంది. మంచు నియమం యథాతథంగా తిరిగొచ్చింది. దానికి స్పిన్ ఐస్ అని పేరు. 1999లో ఆర్థర్ రామిరేజ్ బృందం డిస్ప్రోసియం టైటనేట్ విశిష్టోష్ణాన్ని కొలిచి ఎంట్రోపీని కూడింది. రెండే దిశలున్న స్పిన్‌లకు మోల్‌కు 5.76 జౌల్‌లు రావాలి. అంత రాలేదు. తగ్గిన మొత్తం పాలింగ్ పద్ధతిలో ఒక్కో మోల్ స్పిన్‌లకు రావలసిన 1.69 జౌల్‌లకు దగ్గరగా ఉంది. నీటి కోసం వేసిన లెక్క ఒక అయస్కాంతానికి సరిపోయింది. ఈ శాస్త్రంలో ఇంతకన్నా అందమైన కొలత నాకు కనబడలేదు.

అయితే ఆ మిగులు నిజంగా మిగులేనా? ఉష్ణగతిక శాస్త్రం మూడో నియమం ఇంకా తన బాకీ అడుగుతూనే ఉంది. సిద్ధాంతం ప్రకారం 0.15 కెల్విన్ దగ్గర స్పిన్ ఐస్‌లో కూడా క్రమం రావాలి. కానీ అర కెల్విన్ దిగువకు వస్తే స్పిన్‌లు గడ్డకట్టినంత మందకొడిగా మారతాయి. 2013లో కెనడాలోని ఒక బృందం రోజుల తరబడి వేచి చూస్తూ కొలిచి, మిగులు ఎంట్రోపీ నెమ్మదిగా కరిగిపోతోందని ప్రకటించింది. ఐదేళ్ల తరువాత ఐసోటోప్ శుద్ధి చేసిన నమూనాల మీద, 0.35 కెల్విన్ దగ్గర పది లక్షల సెకన్లు, అంటే పదకొండు రోజులకు పైగా ఎదురుచూసిన మరో బృందానికి అలాంటి తరుగు ఏదీ కనిపించలేదు. నా మొగ్గు రెండో ఫలితం వైపే, ఎందుకంటే అక్కడ నమూనా ఏమిటో ముందుగానే తేల్చుకున్నారు. ఇది స్ఫటికం గురించిన తగాదా కూడా అన్నది గుర్తుంచుకోవాలి. ముందు ముందు ఇదే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

2008లో క్లాడియో కాస్టెల్నోవో, రోడెరిక్ మోస్నర్, భారతీయ మూలాలున్న శివాజీ సోంధీ ఈ స్ఫటికాన్ని మరో కంటితో చూశారు. ఒక స్పిన్ తిరగబడితే దాన్ని పంచుకునే రెండు చతుర్ముఖుల్లో ఒకటి మూడు లోపలికి, ఒకటి మూడు బయటికి అవుతుంది. ఆ రెండు తప్పులు ఒకదాన్నొకటి వదిలి విడివిడిగా తిరగగలవు. దూరం నుంచి చూస్తే ఒకటి ఉత్తర ధ్రువం, మరొకటి దక్షిణ ధ్రువం. వాటి మధ్య బలం విద్యుదావేశాల మధ్య ఉండే కూలుంబ్ నియమాన్నే పాటిస్తుంది. ఒక అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ఒంటి ధ్రువం దొరకదని బడిలో నేర్చుకున్నాం. అది ఇప్పటికీ సత్యమే, స్ఫటికంలో ఇవి స్పిన్‌ల సమూహం నుంచి పుట్టిన కణాలు, శూన్యంలో తిరిగేవి కావు. 2009లో న్యూట్రాన్ ప్రయోగాలు వీటి ఆనవాళ్లను చూపాయి. మ్యువాన్లతో ఆవేశాన్ని నేరుగా కొలిచామన్న అదే ఏటి వాదం మీద మాత్రం వివాదం రేగింది. 2019లో సీమస్ డేవిస్ బృందం అతి సున్నితమైన పరికరంతో డిస్ప్రోసియం టైటనేట్‌లో పుట్టి చచ్చే ధ్రువాల అయస్కాంత రొదను పట్టింది. ఆ రొద పౌనఃపున్యాలు మనిషి చెవికి వినిపించే పరిధిలోనే ఉన్నాయి.

ఇదే పైరోక్లోర్ టైటనేట్ కుటుంబంలో మిగతా సభ్యులను కూడా చూడాలి. గాడోలినియం టైటనేట్ ఒక కెల్విన్ దగ్గర, మళ్లీ 0.7 కెల్విన్ దగ్గర రెండు విడతలుగా క్రమంలో పడుతుంది. ఎర్బియం టైటనేట్ 1.2 కెల్విన్ దగ్గర క్రమపడుతుంది, కానీ దాని కారణం విశేషం: సమాన శక్తిగల అసంఖ్యాక అమరికల్లో ఏది ఎక్కువ కదలాడగలదో అదే గెలుస్తుంది. కంపించే స్వేచ్ఛే క్రమాన్ని ఎంచుతుందన్న మాట. జాక్ విలెన్ 1980లో సహచరులతో కలిసి ఊహించిన ఈ విధానానికి మనకున్న మంచి ఉదాహరణ ఇదే.

టెర్బియం టైటనేట్ అంత తేలిగ్గా లొంగలేదు. దాని స్పిన్‌ల సంపర్కం బలం 19 కెల్విన్‌ల స్థాయిలో ఉన్నా, 0.07 కెల్విన్ దాకా క్రమం కనబడలేదని 1999లో గార్డ్‌నర్ బృందం చెప్పింది. సంపర్క శక్తికీ, క్రమం వచ్చే ఉష్ణోగ్రతకూ మధ్య నిష్పత్తిని రామిరేజ్ ప్రతిష్టంభనకు కొలబద్దగా పెట్టాడు. ఆ కొలతలో ఇది రెండు వందలు దాటుతుంది. స్పిన్ ద్రవం, అంటే ఎంత చల్లబరిచినా స్పిన్‌లు క్రమపడక కదులుతూనే ఉండే స్థితి, దొరికిందని చాలామంది సంబరపడ్డారు. తరువాత వేర్వేరు ప్రయోగశాలల నమూనాలు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. టెర్బియం, టైటానియం పాళ్లు వెయ్యిలో కొన్ని అటూఇటూ మారితే చాలు, ఒక స్ఫటికం దాగిన చతుర్ధ్రువ క్రమంలోకి పోతుంది, మరొకటి పోదు. టెర్బియం అయాన్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య సరిసంఖ్య. అలాంటి అయాన్‌కు కాల సౌష్ఠవం ఇచ్చే రక్షణ లేదు, చుట్టుపక్కల ఏ చిన్న వంకర ఉన్నా దాని స్థితి చీలిపోతుంది. డిస్ప్రోసియం, ఇటెర్బియం, సీరియం బేసిసంఖ్య గలవి గనుక కొంత తట్టుకుంటాయి.

ఇటెర్బియం టైటనేట్ కథ ఇంకా కళ్లు తెరిపించింది. పొడి నమూనాలు 0.26 కెల్విన్ సమీపంలో పదునైన శిఖరం చూపేవి. పెద్ద స్ఫటికాలు మాత్రం మసకబారిన ఉబ్బులు చూపేవి, కొన్ని అదీ చూపేవి కావు. స్ఫటికాల్లో టైటానియం ఉండవలసిన చోట్ల నూటికి రెండు పైచిలుకు ఇటెర్బియం దూరిందని 2012లో తేలింది. స్పిన్ ద్రవాల్లో ఒక రకమైన క్వాంటం స్పిన్ ఐస్ అని ఆశపడిన పదార్థం, శుద్ధంగా పెంచితే చివరికి ఫెర్రో అయస్కాంత క్రమంవైపే వెళ్లింది. ఐతే ఆ క్రమం పక్కనే మరో దశ కాచుకుని ఉన్నందువల్ల దాని కదలికలన్నీ అసాధారణంగానే ఉంటాయి.

2015లో ఇటెర్బియం, మెగ్నీషియం, గాలియం కలిసిన ఆక్సైడ్ వచ్చింది. చదునైన త్రిభుజ జాలకం, క్రమం లేదు, న్యూట్రాన్లకు ఎడతెగని విస్తృత వర్ణపటం. స్పిన్ ద్రవానికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నట్టే కనిపించింది. కానీ అందులో మెగ్నీషియం, గాలియం ఒకే చోటును ఇష్టం వచ్చినట్టు పంచుకుంటాయి. ఆ కలగాపులగం వల్ల ఒక్కో ఇటెర్బియం ఒక్కో రకం పరిసరంలో ఉంటుంది. అలాంటి అస్తవ్యస్తమే స్పిన్ ద్రవాన్ని అనుకరించగలదని 2017లో ఝూ, చెర్నిషెవ్, సహచరులు చూపారు. ఉష్ణవాహకత కొలతల్లో సంచరించే అయస్కాంత కణాల జాడ కూడా కానరాలేదు. జింక్ వేసిన సోదర పదార్థం 0.1 కెల్విన్ దగ్గర స్పిన్ గాజులా గడ్డకట్టింది.

ఇక్కడే నా అభిప్రాయం సూటిగా చెప్పాలి. క్రమం లేకపోవడం ఒక్కటే ఏ కొత్త స్థితికీ రుజువు కాదు. క్రమం రాకపోవడానికి జ్యామితి కారణం కావచ్చు, మలినం కారణం కావచ్చు, ఓపిక చాలక కొలత ముగించడం కారణం కావచ్చు. పీలమేడులో పోతపని తెలిసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది: పంపు పెంకు బయటికి నున్నగానే ఉంటుంది, లోపల గాలిగుల్ల ఉందో లేదో నీటి ఒత్తిడి పెట్టి చూస్తేనే తేలుతుంది. అక్కడి పి.ఎస్.జి. కుటుంబం 1926లో ధర్మసంస్థ పెట్టి, దాని కింద పారిశ్రామిక సంస్థ నడిపి, 1951లో ఇంజనీరింగ్ కళాశాలను ఆ సంస్థ షెడ్ల పక్కనే నిలబెట్టింది. చదువు పదార్థాన్ని చేత్తో తాకాలన్న ఆ పట్టుదల ఈ శాస్త్రానికి కూడా కావాలి. ఈ రంగంలో కొలతలకు దక్కే గౌరవం స్ఫటికం పెంచేవారికి దక్కడం లేదు. ముప్పై ఏళ్ల తప్పటడుగుల్లో చాలావాటిని సరిదిద్దింది వారే.

లోహాల్లో పరిస్థితి మరో తీరు. అక్కడ సంచార ఎలక్ట్రాన్లు ఒక స్పిన్ కబురును దూరంలోని స్పిన్‌కు మోస్తాయి, ఆ కబురు దూరంతో పాటు గుర్తు మారుతుంది. జ్యామితితో పాటు ఈ మార్పు కూడా ప్రతిష్టంభన కలిగిస్తుంది. భారతీయ భౌతిక శాస్త్రజ్ఞుడు బి. శ్రీరామ్ శాస్త్రి, బిల్ సదర్లాండ్‌తో కలిసి 1981లో చతురస్రాలు, త్రిభుజాలు కలిసిన ఒక జాలకాన్ని ప్రతిపాదించి, దాని అట్టడుగు స్థితిని కచ్చితంగా సాధించారు. కాగితం మీది ఆ జాలకం మొదట ఒక రాగి బోరేట్‌లో, తరువాత విరళ మృత్తికల టెట్రాబోరైడ్‌లలో దొరికింది. తులియం టెట్రాబోరైడ్‌కు క్షేత్రం పెంచుతూ పోతే అయస్కాంతీకరణ నునుపుగా పెరగదు. సంతృప్త విలువలో సగం దగ్గర వెడల్పాటి మెట్టు, ఏడో వంతు, ఎనిమిదో వంతు, తొమ్మిదో వంతుల దగ్గర చిన్న మెట్లు వస్తాయి. సీరియం, పలాడియం, అల్యూమినియం కలిసిన లోహంలో 2.7 కెల్విన్ దిగువన మూడింట రెండు వంతుల సీరియం స్పిన్‌లు క్రమపడి, మిగిలిన వంతు అలాగే ఉండిపోతుంది. హోల్మియం, వెండి, జర్మేనియం కలిసిన లోహం చదునైన జాలకంలో మంచు నియమాన్ని పాటిస్తుందని 2020లో తెలిసింది. ప్రసియోడిమియం ఇరిడేట్ 1.5 కెల్విన్ దగ్గర, అయస్కాంత క్రమం కనబడకుండానే, క్షేత్రం లేకుండానే హాల్ ప్రభావం చూపుతుంది.

మన దేశంలో ఈ లోహాల మీద పాత కృషి ఉంది. గాడోలినియం, పలాడియం, సిలికాన్ కలిసిన త్రిభుజ జాలక లోహంలో క్షేత్రంతో పాటు నిరోధం భారీగా మారుతుందని ముంబయి టాటా సంస్థలో ఇ.వి. సంపత్‌కుమారన్ బృందం 1998లోనే రాసింది. అదే పదార్థంలో స్పిన్‌లు సుడులుగా చుట్టుకుని స్కిర్మియాన్ల జాలకం కట్టాయని 2019లో జపాన్ బృందం తేల్చింది. ఆ ఇరవై ఏళ్ల ఎడంలో మనకు లోపించింది ఊహ కాదు. మంచి ఏకస్ఫటికాలు, ఎక్స్‌రే, న్యూట్రాన్ కేంద్రాల్లో సమయం, ఈ రెండూ మనకు సకాలంలో దొరకలేదు.

అతిశీతలం కూడా మనకు ఖరీదైనదే. భారతదేశంలో హీలియాన్ని తొలిసారి ద్రవీకరించింది 1952లో, కె.ఎస్. కృష్ణన్ నడిపిన ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో. ఒక కెల్విన్ దిగువకు వెళ్లే ఇప్పటి యంత్రాల్లో చాలావాటికి హీలియం-3 కావాలి, అది ప్రధానంగా ట్రిషియం క్షయం నుంచి వస్తుంది గనుక ఎప్పుడూ కొరతే. ప్రతిష్టంభిత అయస్కాంతాలు ఇక్కడ తమకు తామే సాయం చేసుకుంటాయి. క్రమంలో పడని స్పిన్‌లు చాలా చల్లదనం దాకా ఎంట్రోపీని దాచుకుంటాయి. క్షేత్రం తీసేసినప్పుడు ఆ దాచిన ఎంట్రోపీయే వేడిని పీలుస్తుంది. గాడోలినియం గాలియం గార్నెట్‌ను ఈ పనికి ఎప్పటి నుంచో వాడుతున్నారు. 2021లో పొటాషియం, బేరియం, ఇటెర్బియం కలిసిన బోరేట్‌తో, హీలియం-3 చుక్క కూడా లేకుండా, 0.022 కెల్విన్ చేరుకున్నారు. జియోక్ పద్ధతే, ఉప్పు మారింది. నీళ్లు కలిసిన పాత ఉప్పుల్లా ఇది శూన్యంలో పాడైపోదు.

ఇక పదార్థం ఎక్కడిది అన్న మాట. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తీరపు ఇసుకను జల్లెడ పడితే నాలుగు ఖనిజాలు తప్పక కనిపిస్తాయి: ఇల్మనైట్‌లో టైటానియం, జిర్కాన్‌లో జిర్కోనియం, మోనజైట్‌లో సీరియం, నియోడిమియం, ప్రసియోడిమియం, వాటితో పాటు ఎర్రని గార్నెట్. పైన చెప్పిన టైటనేట్లు, గార్నెట్ కట్టడం, ఇక చెప్పబోయే జిర్కొనేట్లు, ఈ శాస్త్రపు మూలవస్తువుల్లో చాలా భాగం ఒకే ఇసుకలో ఉంది. దేశంలో మోనజైట్ నిల్వలు అన్నిటికన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే. హైదరాబాదులో అణు ఇంధన సముదాయం జిర్కోనియాన్ని శుద్ధి చేస్తుంది. విశాఖలో 2023లో జాతికి అంకితమైన కర్మాగారం ఏడాదికి 3000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కోసం కట్టినది. మన మోనజైట్‌లో డిస్ప్రోసియం, హోల్మియం వంటి బరువైనవి బహు స్వల్పం, దాదాపు సగం సీరియమే. పరిశ్రమ దృష్టిలో అది చవక సరుకు. కానీ క్రమంలో పడని అయస్కాంతం చివరికి ఏమవుతుందన్న ప్రశ్న ప్రస్తుతం మొత్తం సీరియం మీదే వచ్చి నిలిచింది.

సీరియం అయాన్‌లో ఒకే ఒక్క 4ఎఫ్ ఎలక్ట్రాన్ ఉంటుంది. సీరియం జిర్కొనేట్ 0.1 కెల్విన్‌కు బాగా దిగువన కూడా క్రమంలో పడలేదని 2019లో రెండు బృందాలు విడివిడిగా చెప్పాయి. దాని స్పిన్‌లో ఒక భాగం మామూలు ద్విధ్రువం, మరో భాగం అష్టధ్రువం. అష్టధ్రువాన్ని న్యూట్రాన్లు మామూలు కోణాల్లో చూడలేవు, అందుకే క్రమం దానిలో దాక్కునే అవకాశం ఉంది. విశిష్టోష్ణం, న్యూట్రాన్ కొలతలు కలిపి సరిచూసినవారు దీన్ని క్వాంటం స్పిన్ ఐస్‌గానే ఎంచుతున్నారు. రెండు లోపల, రెండు బయట అన్న అమరికలు ఒకదానిలోంచి మరోదానిలోకి క్వాంటం దారిలో జారుతూ, స్ఫటికం లోపల తమదైన కాంతి తరంగాలను పుట్టించే స్థితి అది. తగరం వేసిన సోదర పదార్థం మాత్రం సందేహం పెంచింది. 2020లో పొడి నమూనాలు అష్టధ్రువ స్పిన్ ద్రవాన్ని సూచించాయి. 2024లో వేడినీటి పీడన పద్ధతిలో పెంచిన నమూనాలు ద్విధ్రువ స్పిన్ ఐస్‌నూ, దాని కింద క్రమానికి చేరువలో ఉన్న స్థితినీ చూపాయి.

ఏది నిజమో తేలాలంటే ముందుగా సీరియం సంగతి చూడాలి. గాలి తగిలితే అది మూడు ఆవేశాల నుంచి నాలుగుకు మారి, ఉన్న ఒక్క ఎలక్ట్రాన్‌నూ పోగొట్టుకుని, అయస్కాంతమే కాకుండా పోతుంది. జాలకంలో నూటికి ఒకటి రెండు చోట్ల ఇలా ఖాళీలు పడినా తక్కువ శక్తి దగ్గరి సంకేతాలన్నీ అనుమానాస్పదమే. ఆక్సిజన్ పాలు కచ్చితంగా అదుపులో ఉంచి స్ఫటికాన్ని పెంచగల కొలిమి, ప్రతి ముక్కలో నాలుగు ఆవేశాల సీరియం ఎంతో విడిగా కొలిచే అలవాటు, అదే ముక్కను 0.05 కెల్విన్ దగ్గర రోజుల తరబడి నిలిపి ఉంచే ఓపిక, ఈ మూడూ ఒకే చోట ఉన్న ప్రయోగశాలే ఈ ప్రశ్నను ముగిస్తుంది. సీరియం, జిర్కోనియం రెండూ మన తీరంలోనే ఉన్నాయి. సమూహ సిద్ధాంతం వాల్తేరుకు కొత్త కాదు, కొలిమి పని కోయంబత్తూరుకు కొత్త కాదు. ఆ ప్రయోగశాల ఇక్కడ ఎందుకు ఉండకూడదని మన విశ్వవిద్యాలయాలను అడగాలి.